ఆగమన కాలం చివరి నుంచి మొదలవుతుంది

(ఉపదేశులు, పాటల బృందాల పెద్దలు, సండే స్కూలు టీచర్ల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ వందనాలు. తేదీలతో మొదలుపెడతాను. ఈ కాలం విషయంలో జరిగే పొరపాట్లలో సగం అక్కడే పుడతాయి.

ఆగమన కాలం, అంటే క్రిస్మస్‌కు ముందు వచ్చే అడ్వెంట్, డిసెంబరు 1న మొదలవుతుందని చాలామంది అనుకుంటారు. రోజుకో చాక్లెట్టు పెట్టి అమ్మే క్యాలెండర్లు అలా అలవాటు చేశాయి. మన ఇళ్ల మీద నక్షత్రం లేచేదీ ఆ రోజే. లెక్క అది కాదు. డిసెంబరు 25కి ముందు నాలుగు ఆదివారాలు రావాలి. 25కి సరిగ్గా ముందున్న ఆదివారం నాలుగోది. అక్కణ్నుంచి ఇంకో మూడు ఆదివారాలు వెనక్కి వెళ్తే మొదటిది దొరుకుతుంది. 25వ తేదీయే ఆదివారమైతే దాన్ని లెక్కలోకి తీసుకోం, 18వ తేదీ నాలుగోదవుతుంది. ఎలా లెక్కపెట్టినా మొదటి ఆదివారం నవంబరు 27కూ డిసెంబరు 3కూ మధ్యనే పడుతుంది. అందుకే ఈ కాలం పొడవు ఏటా మారుతుంది. 2022లో 28 రోజులు వచ్చింది, 2023లో 22 రోజులే. 2026లో నవంబరు 29న మొదలై 26 రోజులు ఉంటుంది. శనివారం సాయంకాల ప్రార్థనతోనే ఆదివారం మొదలైనట్టు లెక్క కాబట్టి, పాటల బృందం వాళ్లు 28 రాత్రికే సిద్ధంగా ఉండాలి.

ఇక అసలు సంగతి. ఇంత చిన్న కాలంలో రెండు భాగాలున్నాయి. మొదటి ఆదివారం నుంచి డిసెంబరు 16 వరకు ఒకటి, 17 నుంచి 24 వరకు రెండోది. 1969లో కతోలిక శ్రీసభ సవరించిన ఆరాధన సంవత్సర నియమాలు ఈ కాలానికి రెండు ఉద్దేశాలు చెబుతాయి. ఒకటి క్రీస్తు జయంతికి సిద్ధపడటం, రెండోది ఆయన చివరి రాకడ వైపు మనసు తిప్పడం. పాఠాల వరస చూడండి. ముందు వచ్చేది చివరి రాకడ. బేత్లెహేము తరవాత వస్తుంది. అంటే ఈ కాలం చివరి నుంచి మొదలై మొదటికి నడుస్తుంది. సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం), లూథరన్ ఆరాధన క్రమాల్లోనూ తొలి ఆదివారం పాఠాల్లో ఈ రాకడ ధ్వనే వినిపిస్తుంది. బాప్టిస్టు, పెంతెకొస్తు సంఘాల్లో చాలా వరకు ఈ కాలాన్ని విడిగా పాటించరు. అయినా రెండో రాకడ గురించి వాళ్లు బోధించినంతగా మనం బోధించం. ఆ మాట ఒప్పుకోవాలి.

ఈ తలకిందుల వరస ఎందుకు? జరిగిపోయినదాని కోసం ఎవరూ ఎదురుచూడరు. యేసు పుట్టేశాడు. ఆయన ఇంకా పుట్టనట్టు నాలుగు వారాలు నటించి, 24 రాత్రి పుట్టినట్టు సంబరపడితే అది నాటకం అవుతుంది, ఆరాధన కాదు. మనం నిజంగా ఎదురుచూసేది ఆయన తిరిగి రావడం కోసం. మొదటిసారి వచ్చాడు గనక రెండోసారి వస్తాడనే ధైర్యం మనకుంది. బేత్లెహేము ఆ ధైర్యానికి ఆధారం. ఈ సంగతి పిల్లలకు చెప్పకపోతే ఆగమన కాలం పుట్టినరోజు పార్టీకి ముందు రోజులు లెక్కపెట్టుకోవడంగా మిగిలిపోతుంది.

నాలుగో శతాబ్దంలో యెరూషలేము మేత్రాణి (బిషప్పు) పునీత (సెయింట్) సిరిలు, జ్ఞానస్నానానికి సిద్ధపడేవాళ్లకు బోధిస్తూ రెండు రాకడల్ని పక్కపక్కన పెట్టి చూపించాడు. మొదటిసారి పొత్తిగుడ్డల్లో, రెండోసారి వెలుగునే వస్త్రంగా కప్పుకుని. మొదటిసారి సిలువ అవమానం భరిస్తూ, రెండోసారి దూతల సైన్యంతో. పన్నెండో శతాబ్దంలో పునీత బెర్నార్డు ఆగమన కాల ప్రసంగాల్లో ఇంకొకటి కలిపాడు. ఆ రెండింటి మధ్య మూడో రాకడ ఉందన్నాడు. మొదటిది శరీరంలో, బలహీనతలో. చివరిది మహిమలో. మధ్యది ఆత్మలో, శక్తిలో, గుప్తంగా. మొదటి రాకడ నుంచి చివరి రాకడకు మనం నడిచి వెళ్లే దారి ఈ మధ్య రాకడేనని ఆయన మాట. మొదటిది అందరూ చూశారు, చివరిది అందరూ చూస్తారు, మధ్యది లోపల తలుపు తీసినవాళ్లకే తెలుస్తుంది. ఆగమన కాలంలో మనం చేయగలిగిన పని అంతా ఈ మధ్య రాకడ దగ్గరే ఉంది. ఆకలిగొన్నవాడికి పెట్టిన అన్నం తనకే పెట్టినట్టని మత్తయి 25లో ఆయన చెప్పిన మాట దీనికి చెందిందే. బలిపీఠం దగ్గర ఆయన రాక కూడా దీనికి చెందిందే.

ఇప్పుడు పాఠాల్లోకి వెళ్దాం. పఠనాల చక్రం మూడేళ్లకోసారి తిరుగుతుంది: మత్తయి, మార్కు, లూకా. 2026 నవంబరు 29తో మార్కు సంవత్సరం మొదలవుతుంది. మార్కు సువార్తలో పశువుల పాక లేదు, గొల్లలు లేరు, జ్ఞానులు లేరు. యేసు పుట్టుక ప్రస్తావనే లేదు. అలాంటి సువార్తతో ఆగమన కాలాన్ని ఎలా నడపాలో తెలియక కొందరు బోధకులు మొదటి వారమే లూకాలోకి దూకేస్తారు. అది నష్టం. మొదటి ఆదివారం పాఠం మార్కు 13:33–37. అయిదే వచనాలు. ఒక యజమాని ఊరికి వెళ్తూ ఇల్లు పనివాళ్లకు అప్పగిస్తాడు. ఎవరి పని వాళ్లకు ఒప్పజెప్పి, ద్వారపాలకుణ్ని మాత్రం మెలకువగా ఉండమంటాడు. ఎప్పుడొస్తాడో తెలియదు. పొద్దుగుంకినప్పుడో, అర్ధరాత్రో, కోడి కూసేటప్పుడో, తెల్లవారేటప్పుడో.

ఈ నాలుగు వేళలూ ఊరికే చెప్పినవి కావు. రోమీయులు రాత్రిని నాలుగు జాములుగా లెక్కపెట్టేవారు, అది ఒకటి. ఇంకొకటి ఆ తరవాతి రెండు అధ్యాయాలు చదివితే కనిపిస్తుంది. 14:17లో సాయంకాలం అవుతుంది, యేసు పన్నెండుమందితో కడరా భోజనానికి వస్తాడు. తరవాత గెత్సేమనే తోట. అక్కడ వేళ ఎంతో మార్కు చెప్పలేదు గానీ రాత్రి బాగా పొద్దుపోయింది. తోటలో ‘మెలకువగా ఉండండి’ అనే అదే మాట మళ్లీ వినిపిస్తుంది. వెంట ఉన్న ముగ్గురు శిష్యులూ నిద్రపోయారు. ‘సీమోనూ, నిద్రపోతున్నావా?’ అని పేతురును పేరు పెట్టి అడిగాడు. తరవాత కోడి కూసింది, పేతురు యేసును ఎరగనన్నాడు. 15:1లో తెల్లవారింది, ఆయన్ని పిలాతుకు అప్పగించారు. చివరి రాకడకు చెప్పిన నాలుగు వేళలూ శ్రమల రాత్రిలో ఒక్కొక్కటే వచ్చాయి. యజమాని ప్రతి జాములోనూ వచ్చాడు, శిష్యులు ప్రతి జాములోనూ తప్పిపోయారు. మొదటి ఆదివారం ఈ నాలుగు చోట్లూ వేలుపెట్టి చూపించండి చాలు. విన్నవాళ్లు ఇంటికెళ్లి బైబిలు తీస్తారు.

దీనికి బదులు సాధారణంగా ఏం జరుగుతుందో మీకు తెలుసు. రాకడ సూచనలంటూ ప్రసంగం మొదలవుతుంది. భూకంపాలు, యుద్ధాలు, ఈ వారం పేపర్లో వచ్చిన వార్తలు. చివరికి ఎవరో ఒకరు సంవత్సరం కూడా చెప్పేస్తారు. మన పాఠానికి సరిగ్గా ముందున్న వచనం 13:32. ఆ దినం గురించీ ఆ గడియ గురించీ తండ్రికి తప్ప ఎవరికీ తెలియదు, కుమారుడికి కూడా తెలియదు అంటుంది. కుమారుడికే తెలియనిది మనం బోర్డు మీద లెక్క కట్టి చూపించడం ఏమిటి? థెస్సలోనిక సంఘంలో ఇలాంటి గందరగోళమే వచ్చింది. ప్రభువు దినం వచ్చేసిందని కొందరు కలవరపడ్డారు. కొందరు పని మానేసి తిరిగారు. పని చేయనివాడు తినకూడదని పౌలు అక్కడే రాశాడు. యజమాని ఊరెళ్తూ ‘ఎవరి పని వాళ్లకు’ అప్పగించాడన్న సంగతి మరిచిపోకండి. ఎదురుచూడటమంటే ఆ పని చేస్తూ ఉండటం. టీచరు పాఠం సరిగ్గా చెప్పడం, మేస్త్రీ సిమెంటు పాళ్లు తగ్గించకుండా కలపడం, వంట మనిషి గిన్నె శుభ్రంగా తోమడం. ఇవన్నీ ఆగమన కాల భక్తే.

రెండో ఆదివారం యోహాను వస్తాడు. కతోలికులకు స్నాపక యోహాను, మీలో మిగతావాళ్లకు బాప్తిస్మమిచ్చు యోహాను. ఎత్తైనది తగ్గాలి, పల్లం పూడాలి, వంకర తిన్ననవ్వాలి అని యెషయా 40. మారుమనస్సు పొందండి అని కేక వేసి వదిలేస్తే జనం తలలూపి వెళ్లిపోతారు. అందుకని నేను లూకా 3:10–14 తెచ్చుకుంటాను. అది లూకా సంవత్సరంలో మూడో ఆదివారం పాఠం, కానీ రెండో వారం ఇంటి పనికి పనికొస్తుంది. అక్కడ మూడు గుంపులు ‘మేమేం చేయాలి’ అని అడుగుతాయి. యోహాను వాళ్లను అరణ్యానికి రమ్మనలేదు, మిడతలు తినమనలేదు. రెండు అంగీలున్నవాణ్ని ఒకటి ఇమ్మన్నాడు. సుంకరులను నిర్ణయించినదానికంటే ఎక్కువ వసూలు చేయొద్దన్నాడు. సైనికులను బెదిరించి గుంజొద్దు, మీ జీతంతో తృప్తిపడండి అన్నాడు. అన్నీ డబ్బు దగ్గర, ఉద్యోగం దగ్గర తేలే విషయాలే.

కాబట్టి ఆత్మ పరిశోధనకు కాగితం తీసుకోండి. పైన ‘ఎవరికి ఏం బాకీ’ అని రాయండి. కూలి డబ్బులు ఆపిన మనిషి ఎవరు? ఎంత? అప్పిచ్చిన చోట వడ్డీ ఎంత తీసుకుంటున్నాం? గట్టు తగాదాలో మాట్లాడటం మానేసిన అన్నదమ్ములు ఎవరు? పక్కింటివాళ్ల గురించి మోసిన మాట ఏది? ఒక్కోదాని ఎదుట తేదీ వేయండి. ఆ తేదీ డిసెంబరు 16 లోపు ఉండాలి. ‘నేను గర్విష్ఠిని’ అని రాస్తే ఏమీ కదలదు. ‘ఫలానావాడికి మూడు వేలు ఇవ్వాలి’ అని రాస్తే కదులుతుంది. కతోలికులు పాపసంకీర్తనం (గురువు, అంటే ఫాదరు, ముందు పాపాలు ఒప్పుకోవడం) ఈ రెండో వారంలోనే చేసుకోవడం మంచిది. 23, 24 తేదీల్లో గురువుల దగ్గర వరస ఎంత పొడుగుంటుందో, ఒక్కొక్కరికి ఎన్ని నిమిషాలు దొరుకుతాయో అందరికీ తెలిసిందే. హడావిడిలో చెప్పిన పాపం హడావిడిగానే తిరిగొస్తుంది.

మూడో ఆదివారం ఆనంద ఆదివారం. ఎల్లప్పుడూ ఆనందించండి అని ఫిలిప్పీయులకు రాసిన మాట ఆనాటి ప్రవేశ గీతం. ఊదా రంగు వస్త్రానికి బదులు గులాబీ రంగు వాడవచ్చు. ‘వాడవచ్చు’ అన్నాను, వాడి తీరాలని కాదు. గులాబీ రంగు పూజా వస్త్రం లేదని చిన్న విచారణలు (కతోలిక స్థానిక సంఘాలు, పారిష్‌లు) అప్పు చేసి కొనక్కర్లేదు, ఊదా రంగే చాలు. ఈసారి పాఠం యోహాను సువార్త మొదటి అధ్యాయం. యెరూషలేము నుంచి వచ్చినవాళ్లు స్నాపక యోహానును ‘నీవెవరు’ అని అడుగుతారు. ‘నేను క్రీస్తును కాను’ అంటాడు. ఏలీయావా? ‘కాను.’ ఆ ప్రవక్తవా? ‘కాను.’ తన గురించి అడిగేకొద్దీ జవాబు పొట్టిదవుతోంది. క్రీస్తు గురించి చెప్పేటప్పుడు మాత్రం నోరు తెరుచుకుంటుంది. ఆయన చెప్పు వారు విప్పడానికైనా పాత్రుణ్ని కానంటాడు. డిసెంబరులో మన చర్చి గేట్లకు కట్టే ఫ్లెక్సీలు తలుచుకోండి. క్రీస్తు బొమ్మ మూలన తపాలా బిళ్లంత, దాతల బొమ్మలు నిలువెత్తు! ఆ ఆదివారం ఒక్కరోజైనా వాటిని దించగలిగితే ప్రసంగం సగం అయిపోయినట్టే.

నాలుగో ఆదివారం మరియతల్లిది. మొదటి పఠనం రెండో సమూయేలు 7. దావీదు దేవుడికి మందిరం కడతానంటాడు. నాతాను ప్రవక్త వెంటనే సరే అంటాడు. ఆ రాత్రే దేవుడు నాతానుకు మాట పంపుతాడు: నువ్వు నాకు ఇల్లు కట్టడం కాదు, నేనే నీకు ఇల్లు కడతాను. ఇటుకల ఇల్లు అడిగితే వంశం ఇచ్చాడు. ఆ వంశంలోని సింహాసనం గురించే గబ్రియేలు నజరేతులో చెబుతాడు. ఈ రెండు పఠనాలూ ఒకదాని వెంట ఒకటి వినిపించేటప్పుడు మధ్యలో ప్రకటనలు పెట్టకండి, బంధం తెగిపోతుంది.

డిసెంబరు 17 నుంచి గొంతు మారుతుంది. ఆ రోజు పూజలో సువార్త మత్తయి 1:1–17, వంశావళి. పేర్ల చిట్టా అని చదివేవాళ్లు భయపడి గబగబా లాగించేస్తారు. ముందు రోజు రెండుసార్లు పైకి చదివి చూసుకోండి. ఆగాల్సిన చోట్లు నాలుగు: తామారు, రాహాబు, రూతు, ఊరియా భార్య. నలుగురూ వంశంలోకి వచ్చిన తీరు పెళ్లిళ్ల పేరయ్యలు చెప్పుకునే తీరు కాదు. రాహాబు యెరికో వేశ్య, రూతు మోయాబు స్త్రీ. ఇలాంటి వంశంలో పుట్టడానికి ఆయన సిగ్గుపడలేదు. కులం చూసి, ఇంటి పేరు చూసి పక్కకు జరిగే మన సంఘాల్లో ఈ పాఠాన్ని నిదానంగా చదవాల్సిన అవసరం ఎంతైనా ఉంది.

17 నుంచి 23 వరకు ఏడు సాయంత్రాలు, మరియ స్తుతిగీతానికి ముందూ వెనకా పాడే ఏడు పిలుపులున్నాయి. పశ్చిమ సంఘంలో వెయ్యేళ్లకు పైబడిన ఆచారం. వరసగా: జ్ఞానమా, ఇశ్రాయేలు నాయకుడా, యెష్షయి వేరా, దావీదు తాళపు చెవీ, ఉదయ కాంతీ, జనముల రాజా, ఇమ్మానుయేలూ. అన్నీ ‘రమ్ము’ అనే పిలుపుతో ముగుస్తాయి. ఇంట్లో వాడుకోవాలంటే పది నిమిషాలు చాలు. ఆనాటి పిలుపు ఒకరు చదవాలి, దాని వెనకున్న యెషయా వాక్యం ఇంకొకరు చదవాలి. వేరుకు 11:1, తాళపు చెవికి 22:22, కాంతికి 9:2, ఇమ్మానుయేలుకు 7:14. తాళపు చెవి రోజు, జైల్లో ఉన్నవాళ్ల కోసం ప్రార్థించండి. ఆ పిలుపులోనే చీకటి చెరలో కూర్చున్నవాణ్ని బయటికి తీసుకురమ్మనే మాట ఉంది.

ఇప్పుడు ఆగమన వలయం, అంటే అడ్వెంట్ రీతు. దీని గురించే ఎక్కువ ప్రశ్నలు వస్తాయి. ఇది ప్రాచీన ఆచారమని అనుకుంటారు గానీ కాదు. 1839లో జర్మనీలోని హాంబుర్గులో యోహాన్ హిన్రిక్ విహెర్న్ అనే లూథరన్ దైవశాస్త్రవేత్త, తాను నడిపే పేద పిల్లల ఆశ్రమంలో, బండి చక్రం మీద కొవ్వొత్తులు పెట్టాడు. ఆదివారాలకు నాలుగు పెద్ద తెల్లవి, మామూలు రోజులకు చిన్న ఎర్రవి. క్రిస్మస్ ఎప్పుడని రోజూ అడిగే పిల్లలకు అది లెక్క. కతోలికులు దాన్ని ఇరవయ్యో శతాబ్దంలో అందుకున్నారు. మూడు ఊదా, ఒక గులాబీ అన్న రంగులు పూజా వస్త్రాల రంగుల్ని బట్టి వచ్చాయి. నిరీక్షణ, శాంతి, ఆనందం, ప్రేమ అనే పేర్లు ఇంకా తరవాతివి. బాగానే ఉన్నాయి, కానీ నాలుగు పేర్ల మీదే నాలుగు ప్రసంగాలు చేసేస్తే పఠనాలు మూలన పడతాయి.

చేసే పద్ధతి చెబుతాను. అడుగు వెడల్పున్న స్టీలు పళ్లెం తీసుకుని అందులో అంగుళంన్నర మందాన తడి ఇసుక పోయండి. నాలుగు కొవ్వొత్తులు సమదూరంలో గుచ్చండి. చుట్టూ ఆకు. ఫర్ కొమ్మలు మనకు దొరకవు, వాటికోసం ప్లాస్టిక్ తీగ కొనకండి, అది తొందరగా అంటుకుని కరిగి కారుతుంది. సరుగుడు కొమ్మలు బాగుంటాయి, కానీ మూడు నాలుగు రోజులకే ఎండిపోతాయి. ఎండిన సరుగుడు ఇట్టే అంటుకుంటుంది. కాబట్టి ప్రతి శనివారం ఆకు మార్చాలి. మంటకూ ఆకుకూ మధ్య ఎప్పుడూ ఎడం ఉండాలి. ఊదా రంగు కొవ్వొత్తులు దొరక్కపోతే తెల్లవే వాడి, పళ్లెం కింద ఊదా గుడ్డ పరవండి. కొవ్వొత్తికి రిబ్బను చుడితే అది మంట దాకా వచ్చేసరికి ఎవరూ గమనించరు.

ఏ కొవ్వొత్తి కొనాలన్నది అసలు చిక్కు. రోజుకు పావుగంట వెలిగిస్తే, 2026లో మొదటిది 26 సాయంత్రాలు, అంటే ఆరున్నర గంటలు వెలగాలి. రెండోది 19 సాయంత్రాలు, నాలుగు గంటల ముప్పావు. మూడోది 12 సాయంత్రాలు, మూడు గంటలు. నాలుగోది 5 సాయంత్రాలు, గంటంపావు. కరెంటు పోతే వెలిగించే సన్న కొవ్వొత్తి మొదటి చోట నిలవదు, మూడో ఆదివారానికే అయిపోతుంది. అలాగని మరీ లావుది కొన్నా ఇబ్బందే. పావుగంటలో వత్తి చుట్టూ ఉన్న మైనమే కరిగి మధ్యలో గుంట పడుతుంది, కొన్ని రోజులకు వత్తి ఆ గుంటలో మునిగి ఆరిపోతుంది. అంగుళం మందం, పది అంగుళాల ఎత్తు ఉన్నది సరిపోతుంది. వెలిగించేటప్పుడు ఫ్యాను ఆపండి, లేకపోతే ఒకవైపే కారిపోతుంది. నాలుగో వారానికి నాలుగూ నాలుగు ఎత్తుల్లో ఉంటాయి. పొట్టివాటిని మార్చి సమానం చేయకండి, మెట్లుగా కనిపించడమే దాని అందం. రెండో వారం రెండు, మూడో వారం మూడు వెలిగించాలి. పాతది ఆర్పి కొత్తది వెలిగించడం తప్పు.

గుడిలో ఇంకొన్ని. ఆదివారాల్లో దేవదూతల మహిమ గీతం, అంటే గ్లోరియా, పాడరు. కారణం విచారం కాదు. అది బేత్లెహేము పొలాల్లో దూతలు పాడిన పాట, 24 రాత్రికి దాచి ఉంచుతారు. తపస్సు కాలంలో (ఈస్టరుకు ముందు వచ్చే లెంట్‌లో) ఆపినట్టు అల్లెలూయాను మాత్రం ఆపకూడదు. రెండింటినీ కలిపి ఆపేయడం, స్వరూపాలకు ముసుగు వేయడం, ఈ రెండూ తపస్సు కాలంతో తికమకపడి చేసే తప్పులు. పూలు పెట్టవచ్చు, మితంగా. డిసెంబరు 8న కతోలికులకు మరియమాత నిష్కళంక మహోత్సవం, ఆ రోజు తెల్ల వస్త్రం, గ్లోరియా రెండూ ఉంటాయి. ఇప్పుడు మనకు ఈ కాలంలో ఉపవాసం విధి కాదు. పూర్వం ఉండేది. అయిదో శతాబ్దంలో ఫ్రాన్సులోని తూర్ నగర మేత్రాణి పెర్పెత్వుసు నవంబరు 11 నాటి పునీత మార్టిను పండుగ నుంచి క్రిస్మస్ దాకా వారానికి మూడు రోజులు ఉపవాసం పెట్టాడు. మిలాను సంఘం ఇప్పటికీ ఆరు వారాల ఆగమన కాలం పాటిస్తుంది. తెలంగాణలో ఆదిలాబాదు, శంషాబాదు సీరో మలబారు (కేరళ మూలమున్న తూర్పు కతోలిక సంఘం) మేత్రాసనాల విశ్వాసులకు ఇదే సమయం మంగళవార్త కాలం. వాళ్ల ఆదివారాల వరస వేరు: జెకర్యాకు వార్త, మరియకు వార్త, యోహాను పుట్టుక, యోసేపుకు కల. డిసెంబరు 1 నుంచి 25 రోజుల నోము కూడా ఉంది. మన పక్కవాళ్ల దగ్గర నేర్చుకోవాల్సినది అది.

చివరగా మీరంతా ఎదురుచూస్తున్న విషయం, సెమీ క్రిస్మస్. ఇది మన తెలుగువాళ్ల సొంతం. నవంబరు ఆఖరు నుంచే కేకు కోతలు మొదలవుతాయి. దీనికి కారణాలు లేకపోలేదు. కాలేజీలు, ఆఫీసులు సెలవులకు ముందే కలుసుకోవాలి. ఒక్క పాస్టరు గారికి నాలుగైదు ఊళ్లుంటే 25న అన్ని చోట్లా ఉండలేరు. ఇతర మతాల స్నేహితులు వచ్చేదీ ఈ సభలకే. కాబట్టి మానేయమని చెప్పను. కానీ దానివల్ల ఏం జరుగుతోందో చూడండి. 20వ తేదీకే ‘పుట్టాడండోయ్’ అని పాడి పాడి గొంతులు పోతాయి. 25 ఉదయానికి బృందంలో సగం మంది లేవలేరు. 26న నక్షత్రం దించేస్తారు. క్రిస్మస్ కాలం నిజానికి మొదలయ్యేది 25న. కతోలికులకు 2027లో అది జనవరి 10, ప్రభువు జ్ఞానస్నాన పండుగ దాకా ఉంటుంది.

అందుకని మూడు సర్దుబాట్లు అడుగుతున్నాను. విచారణ లేదా సంఘం సొంతంగా పెట్టే సెమీ క్రిస్మస్ 17వ తేదీ తరవాత పెట్టండి. రాత్రి కేరల్స్ కూడా అప్పుడే మొదలుపెట్టండి. అంతకుముందు ఇళ్లకు వెళ్లాలనుకుంటే ‘ప్రభువా రమ్ము’ పాటలతో, జబ్బుపడ్డవాళ్ల ఇళ్లకు, ఒంటరి ముసలివాళ్ల ఇళ్లకు వెళ్లండి, చందా పుస్తకం లేకుండా. మూడోది, సెమీ క్రిస్మస్ భోజనాల లెక్కలో కొంత తీసి జనవరి మొదటి వారానికి ఉంచండి. అప్పుడు పెట్టే భోజనానికి పోటీ ఉండదు, తినేవాళ్లకు అవసరమూ ఎక్కువే.

పశువుల పాక కట్టేవాళ్లకు ఒక్క మాట. పాకను మూడో వారం నుంచి కట్టుకోండి, పశువుల్ని పెట్టండి, మరియ యోసేపులను చివరి వారం పెట్టండి. బాలయేసు స్వరూపం 24 రాత్రి పూజ దాకా సక్రీస్తులో (పూజా సామగ్రి గదిలో) తాళం వేసి ఉండాలి. తాళం చెవి ఎవరి దగ్గరుందో ఇద్దరికి తెలియాలి, ఆ రాత్రి దాన్ని వెతికే పని పెట్టుకోకూడదు. జ్ఞానుల బొమ్మలు గుడికి ఇంకో మూలన పెట్టి, ప్రభువు సాక్షాత్కార పండుగ నాటికి, అంటే 2027లో జనవరి 3 నాటికి, పాక దగ్గరికి చేర్చండి. 2028లో క్రిస్మస్ సోమవారం వస్తుంది. అప్పుడు ఆదివారం 24 ఉదయం నాలుగో ఆగమన ఆదివారం పూజ, సాయంత్రం క్రిస్మస్ పూజ, ఒకే రోజు. శనివారమే గుడంతా అలంకరించేస్తే ఉదయం ఊదా వస్త్రం వేసుకున్న గురువు వెనక తెల్ల పరదాలు, వెలుగుతున్న నక్షత్రం కనిపిస్తాయి. మధ్యాహ్నం 12 నుంచి 4 దాకా అలంకరణకు మనుషుల్ని ఇప్పుడే మాట్లాడి పెట్టుకోండి.